తోక మాస్టారు

హోషుర్ మాస్టారు ఎదురుగా ఉన్నంతసేపే మాస్టారు. వీధి మలుపు తిరిగాడంటే గుల్జా ఊరందరికీ తోక మాస్టారే. నేనూ అలా పిలిచినదాన్నే, ఇప్పుడు పెద్దమనిషిలా కాదనలేను. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. అక్కడ ఆయన దగ్గితే ఇక్కడ మా వంటింట్లోకి వినిపించేది. చివరి ఏళ్ళలో ఆ దగ్గు తప్ప ఆ ఇంట్లోంచి ఇంకే చప్పుడూ వచ్చేది కాదు.

ఆ పేరెందుకు వచ్చిందో ముందు చెప్పాలి. నేను బడికి వెళ్ళే వయసులో మా ఉయ్గుర్ భాషకి కొత్త అక్షరాలు వచ్చాయి. అంతకుముందు కుడి నుంచి ఎడమకి రాసేవాళ్ళు. కొత్తవి లాటిన్ అక్షరాలు, ఎడమ నుంచి కుడికి. అయితే లాటిన్ వాళ్ళకి ఒక్క క సరిపోయిందేమో గానీ మాకు సరిపోదు. నాలుకతో పలికే క ఒకటి, గొంతు అడుగు నుంచి లాగి పలికే క ఇంకొకటి. ఈ రెండో దాన్ని ఏం చెయ్యాలో తోచక మామూలు కకే కుడికాలి కింద చిన్న తోక తగిలించారు. హకి కూడా అలాంటిదే ఒకటి పెట్టారు. దాంతో మాస్టారి పేరు రాసినా తోకతోనే మొదలయ్యేది.

తోకని మా భాషలో ఖుయ్‌రుఖ్ అంటాం. రాసి చూస్తే ఆ మాటకి ముందొక తోక, వెనకొక తోక. మాస్టారికి అదంటే ఎంత మురిపెమో. కొత్త పిల్లలు వచ్చిన రోజు బోర్డు మీద ఆ మాటే పెద్దగా రాసి, చేతులు కట్టుకుని, తానే కనిపెట్టినట్టు దాన్ని చూస్తూ నిలబడేవాడు. అప్పటికి ఆయనకి మీసాలు సరిగ్గా రాలేదు. మేమా, తోక మర్చిపోవడానికే పుట్టినట్టు ఉండేవాళ్ళం.

"ఐమ్నిసా, నీ క తోక ఎక్కడ మేస్తోంది?" అనేవాడు నా పలక చూసి.

"మర్చిపోయాను మాస్టారూ."

"తోక ఉంటే ఖాన్, అంటే రక్తం. తోక లేకపోతే కాన్, అంటే బొగ్గుగని. రేపు నీ వేలు తెగితే గని కారుతుందా?"

క్లాసంతా పగలబడి నవ్వేది. నేను ఏడుపు మింగుకుని తోక పెట్టేదాన్ని. ఆయనకి మనసులో ఏమీ ఉండదు. తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు, అంతే. విందుల్లో గొర్రె మాంసం వడ్డించేటప్పుడు "మాస్టారికి తోక వేయండి" అని గొర్రె తోక దగ్గరి కొవ్వు ముక్క ఆయన గిన్నెలోనే పడేసేవాళ్ళు. అది వేళాకోళమని తెలిసో తెలియకో శ్రద్ధగా తినేవాడు.

పెళ్ళయ్యాక నేను వచ్చిపడింది ఆయన పక్కింటికే. నా తలరాత. అప్పటికే ఆయనకీ పెళ్ళయింది. భార్య జోరాఖాన్, కూనెస్ పిల్ల. కొండల మధ్య ఊరు, లారీలో ఒక పగలంతా పడుతుంది. జోరాకి చదువు లేదు గానీ నాన్ చేసిందంటే వీధి చివరిదాకా వాసన కొట్టేది. పొద్దున్నే పెరట్లో తందూరు రాజేసి, మోచేతుల దాకా పిండితో, గోడ మీంచి నాతో లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పేది. మాస్టారు తనకి చలికాలమంతా కూర్చోబెట్టి అక్షరాలు నేర్పించాడు. తోకల దగ్గరికొచ్చేసరికి గొడవే.

"నీ తోకలతో నా తల ప్రాణం తోకకొస్తోంది," అనేది జోరా. "రొట్టెకి తోకుందా? జనం తినడం లేదూ?"

"రొట్టెని తింటారు. అక్షరాన్ని చదవాలి."

"చదివేది నువ్వే కదా, నీకు తెలుసు కదా నేనేం రాశానో."

ఆ మాటకి ఆయన నవ్వేవాడు. గోడకివతల నాకు వినిపించేది. ఆ ఇంట్లో నవ్వులు వినిపించాయంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆపిళ్ళు కోతకొచ్చిన రోజుల్లో ఒకనాడు జోరా కొత్తగా ఖత్లమా అమ్మడం మొదలుపెట్టింది. అది పొరలు పొరలుగా చేసే రొట్టె. రేకు ముక్క మీద సున్నంతో "ఖత్లమా ఉంది" అని రాసి, నీలం తలుపు పక్కన మేకుకి తగిలించింది. తను రాసిన మొదటి బోర్డు. పొద్దుటి నుంచి వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి "చదివారా?" అని అడుగుతోంది. సాయంత్రం మాస్టారు బడి నుంచి వచ్చాడు. వెనకాల తోటి మాస్టార్లు. గుమ్మం ముందు రొట్టెల కోసం నిలబడ్డ జనం. వాళ్ళలో లారీ నడిపే సెమెత్ కూడా ఉన్నాడు. అతనిది జోరా ఊరే, తనని అక్కా అని పిలిచేవాడు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"జోరా, ఒకసారి బయటికి రా," అన్నాడు మాస్టారు. "ఇది చదువు."

"ఖత్లమా ఉంది," అని చదివింది జోరా, పిండి చేతులతోనే, సంతోషంగా.

"కాదు. కత్లమా ఉంది. తోక లేదుగా. కత్లమా అనే రొట్టె లోకంలో లేదు."

తోటి మాస్టార్లు నవ్వారు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి జోరా చేతికిచ్చాడు. "పెట్టు," అన్నాడు.

"పెట్టక్కా," అన్నాడు సెమెత్. "తోక లేకపోతే రొట్టె మీద ఈగలెవరు తోలతారు?"

ఇక ఆగుతారా జనం. ఒకటే నవ్వు. జోరా ఆ సుద్దముక్కని కాసేపు చూసింది. కింద పడేసి చెప్పు కాలితో నలిపేసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున సెమెత్ లారీలోనే, బొగ్గు బస్తాల పక్కన కూర్చుని, కూనెస్‌లో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళిపోయింది. సెమెత్ దారంతా బతిమాలినా వెనక్కి రానందట.

నాకు ఒళ్ళు మండింది. గోడ మీంచి అడిగేశాను.

"ఏం మాస్టారూ, అంతమందిలోనా?"

"అంతమందీ చదువుతారు కదా. అందుకే చెప్పాను," అన్నాడు. అమాయకంగానే అన్నాడు. తలకేసి కొట్టుకోవాలనిపించింది, ఆయన తలో నా తలో.

రోజులు గడిచాయి. తందూరు చల్లారింది. ఆయన బజారు నుంచి నాన్ కొనుక్కొచ్చి, పెరట్లో చల్లారిన తందూరు పక్కనే కూర్చుని ఉప్పుటీలో ముంచుకు తినేవాడు. ఆ రేకు బోర్డు అలాగే ఉంది. దానికి తోక పెట్టలేదు, దాన్ని తీసెయ్యనూ లేదు. పిలవకుండా బావమరిది గడప తొక్కడానికి మొహం చెల్లక, చివరికి ఒకరోజు సెమెత్‌ని పిలిచాడు.

"జోరాని ఒక్క మాట అడిగిరా. రానా, ఉండనా?"

"అంతేనా మాస్టారూ? తోకలేమైనా తగిలించాలా?"

"అంతే," అన్నాడు మాస్టారు. తిట్టలేదు కూడా. అప్పుడు తెలిసింది నాకు, మనిషి ఎంత కుంగిపోయాడో.

సెమెత్ తిరిగొచ్చేసరికి మొదటి మంచు పడుతోంది. చేతిలో గళ్ళగుడ్డ మూట.

"నోటితో చెప్పక్కా అంటే వినలేదు," అన్నాడు. "నీ నోట్లో మాట పెడితే వీధిలో పెట్టినట్టే అంది. ఇది ఆయన చేతికే ఇవ్వమంది."

మూటలో నాన్ ఉంది, పళ్ళెమంత. మామూలుగా నాన్ నడుమ పొంగకుండా, కోడి ఈకల మొదళ్ళు కట్టగా కట్టి చుక్కలు చుక్కలుగా పొడుస్తాం. జోరా ఒక్క ఈక తీసుకుని, ఆ చుక్కలతో ఒక మాట రాసింది. ఒకే మాట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

మాస్టారు దాన్ని పెరట్లో వెలుతురుకి తెచ్చాడు. నేను గోడ దిగి వచ్చేశాను. ముగ్గురం వంగి చూశాం. ఆ మాటకి మొదటి అక్షరం క. దానికి తోక ఉంటే "ఖల్మా", ఉండకు, వచ్చెయ్ అని. తోక లేకపోతే "కెల్మె", రాకు అని. అచ్చులు వేరు కదా, వాటిని బట్టి తెలియదా అంటారేమో. కాగితం మీదైతే తెలుస్తుంది. చుక్కలతో పొడిచి కాల్చిన రొట్టె మీద ఆ రెండచ్చులూ ఒకేలా గుండ్రంగా ఉన్నాయి. తోక ఒక్కటే తేల్చాలి.

తోక లేదు. మాస్టారు వేలితో తడిమి చూశాడు. నేను చూశాను, సెమెత్ చూశాడు. లేదు.

"రాకు అంటోంది," అన్నాడు మాస్టారు.

"ఏంటి మాస్టారూ మీరు," అన్నాను. "జోరా బతుకులో ఎప్పుడైనా తోక పెట్టిందా? ఉండకు అనే. ఇప్పుడే లారీ ఎక్కండి."

"అదే నేనూ అంటా," అన్నాడు సెమెత్. "పొద్దున్నే తీసుకెళ్తాను, రండి."

మాస్టారు నాన్‌ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, క్లాసులో చెప్పినట్టు కాదు, ఇంకోలా చెప్పాడు.

"ఐమ్నిసా, తను వెళ్ళింది దేనికి? తోక దగ్గరే కదా. ఈ మాటకి తోక ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటని తనకి తెలియదా? నేనే నేర్పాను. నన్ను రమ్మనాలనుకుంటే ఈ ఒక్కసారికి పెట్టి ఉండేది. పెట్టలేదంటే వద్దనే."

"పంతం మాస్టారూ ఇది."

"పంతం కాదు. ఒక్కసారి నా కోసం పెడుతుందేమోనని చూశాను." ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయాడు.

కోపం వచ్చింది, జాలీ వేసింది. ఇద్దరూ ఇద్దరే మొండిఘటాలు, వీళ్ళకి మధ్యన నేనెవర్ని అనుకున్నాను. సెమెత్ ఊరుకునే రకం కాదు. తర్వాతి ట్రిప్పులో తనంతట తానే జోరా దగ్గరికెళ్ళి, "అక్కా, తోక పెట్టి ఇంకో నాన్ పంపు, మాస్టారు ఎగురుకుంటూ వస్తాడు" అన్నాడట. వచ్చాక ఇద్దరం ఆత్రంగా అడిగాం.

"ఏమంది?"

"పంపాల్సింది పంపేశాను, చదువుకోవడం ఆయన పని అంది. మొహం ఎర్రగా చేసుకుంది. టీ కూడా పొయ్యలేదు నాకు."

మాస్టారు తలూపాడు. "సరే. అదే మాట," అన్నాడు.

అంతే. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. నాన్ పారెయ్యకూడదు కదా, ఎండిపోయినదాన్ని రోజుకింత విరిచి టీలో నానబెట్టుకు తిన్నాడు. మంచు కరిగాక జోరా వాళ్ళ అన్న వచ్చి, మా చెల్లెలి మీద మీకు మనసు లేదని తెలిసింది, తెంచెయ్యండి అన్నాడు. మనసు లేనిదెవరికో అడగాల్సింది కదా మాస్టారు. అడగలేదు. తనకి నేను వద్దు కాబోలు, ఈయన మర్యాదగా నా మీద పెట్టి చెబుతున్నాడు అనుకున్నాడు. ఆయన అన్నదల్లా "తన ఇష్టం" అనే. ఆ మరుసటి ఏడు జోరాకి కూనెస్‌లోనే తేనెటీగలు పెంచే అతనితో పెళ్ళయిందని సెమెత్ చెప్పాడు. చెబుతూ ఆ రోజు మాత్రం జోకు వెయ్యలేదు.

తర్వాత అక్షరాలే పోయాయి. మళ్ళీ పాతవే అన్నారు, కుడి నుంచి ఎడమకి. నేను ఎడమ నుంచి కుడికి నేర్చుకున్నదాన్ని, అటు తిరగలేక అక్కడే ఆగిపోయాను. ఇప్పటికీ పేపరు ఇస్తే నా మనవరాలి వైపు తోస్తాను. మాస్టారు చిన్నప్పుడు పాతవి నేర్చుకున్నాడు కాబట్టి ఆయనకి చదవడానికి ఇబ్బంది లేదు. కానీ బళ్ళో పిల్లలకి నేర్పమంటే, లెక్కలు చెబుతాను, అవి ఎటు నుంచీ మారవు అన్నాడట. తోక ఉన్న క ఇక ఎక్కడా లేదు. మా వీధిలో పాత బోర్డులు ఒక్కొక్కటే రంగులు వేసి మార్చేశారు. ఆయన గుమ్మం పక్కన రేకు ముక్క తుప్పుపట్టి, అక్షరాలు రాలిపోయి, అలాగే వేలాడేది.

ఇంకో పెళ్ళి చేసుకోలేదు. ఎవరింటికీ వెళ్ళేవాడు కాదు. పిలిస్తే వచ్చి, పెట్టింది తిని, బాగుంది అని వెళ్ళిపోయేవాడు. నేను పాపం అని సూప్ గిన్నె పంపితే, గిన్నె కడిగి, అందులో ఎండు ఆప్రికాట్లు వేసి గోడ మీద పెట్టేవాడు. మనిషి కనిపించేవాడు కాదు, గిన్నె కనిపించేది. తిట్టడానికి కూడా దొరకని మనిషిని ఏం చేస్తాం. చిన్నప్పుడు "తోక ఎక్కడ మేస్తోంది" అని నన్ను ఏడిపించిన గొంతేనా ఇది అనిపించేది, గోడకవతల దగ్గు విన్నప్పుడల్లా. ఎవరైనా ఏదైనా తప్పు రాస్తే బాగుణ్ణు, ఈయన వచ్చి ఒకసారి కసురుకుంటే బాగుణ్ణు అని కూడా అనుకున్నాను.

సెమెత్ పోయాడు. గుండె ఆగి, లారీలోనే. నలభయ్యో రోజు భోజనాలకి వాళ్ళ ఊరి నుంచి చాలామంది వచ్చారు. వాళ్ళలో జోరా కూడా ఉంది. లావైంది, కాళ్ళ నొప్పులతో మెల్లగా నడుస్తోంది. కూడా ఎదిగిన కూతురు. నన్ను చూసి కావలించుకుని ఏడ్చింది. సెమెత్ కోసమే అనుకోండి.

పోలో, అదే మా మాంసం పులావు, తిని మగవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి వెళ్తున్నారు. నేనూ జోరా పెరట్లో పెద్ద పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతున్నాం. మాస్టారు సెలవు తీసుకోవడానికని ఇటు వచ్చాడు. జోరాని చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరగడానికీ లేదు.

"బాగున్నారా మాస్టారూ?" అంది జోరా. ఒకప్పుడు నువ్వు అన్న మనిషి.

"బాగున్నాను. నువ్వు?"

"ఉన్నాను. మా అమ్మాయిని ఇక్కడ కాలేజీలో వేశాం."

ఆయన టోపీ సర్దుకుంటున్నాడు. ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. నాకు నోరు ఊరుకోదు, అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నదాన్ని.

"జోరా, ఒక్కటి అడుగుతాను చెప్పు. ఆ రోజు నాన్ మీద ఏం రాశావే నువ్వు?"

నాకు మతి పోయిందా అన్నట్టు చూసింది.

"ఉండకు అని రాశాను. ఇంకేం రాస్తాను?"

మాస్టారి చెయ్యి టోపీ మీదే ఆగిపోయింది. "తోక లేదు," అన్నాడు నెమ్మదిగా.

"పెట్టాను."

"లేదు జోరా. మేం ముగ్గురం చూశాం. నువ్వెప్పుడూ పెట్టేదానివి కాదు కదా. అప్పుడూ పెట్టలేదు."

"ఆ ఒక్కసారే పెట్టాను మాస్టారూ," అంది జోరా. గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "మళ్ళీ మీరు నవ్వకూడదని బొగ్గుతో గోడ మీద రాసి రాసి చూసుకున్నాను. పిండి మీద మాటంతా పట్టదేమోనని ఈ చివర నుంచే మొదలుపెట్టాను, క కాలు వెళ్ళి అంచుకి తగిలింది. తోక అంచు మీదే పొడవాల్సొచ్చింది. కాలేసరికి అంచు పొంగి దాన్ని మింగేసింది. కొంచెం ఆనవాలు ఉందిలే, ఎవరికి కనిపించకపోయినా మాస్టారికి కనిపిస్తుంది అనుకున్నాను. తర్వాత సెమెత్ వచ్చి తోక పెట్టి పంపమంటే, అంత కష్టపడి పెట్టినదాన్ని మళ్ళీ వీధిలో పెట్టి నవ్వుతున్నారనుకున్నాను. చచ్చినా ఇంకోటి పంపకూడదనుకున్నాను."

నేను అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. మాస్టారు ఆమెనే చూస్తున్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. నేననుకున్నాను, క్షమించు అంటాడని, దేవుడా అంటాడని.

"లోతుగా పొడవాల్సింది," అన్నాడు.

పాపం, ఆయనకి తెలిసిన మాట అదొక్కటే. జోరాకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. కోప్పడలేదు.

"అవును మాస్టారూ, పొడవాల్సింది," అంది.

కూతురు గేటు దగ్గర నుంచి పిలిచింది, బండి వచ్చిందని. జోరా నా భుజం పట్టుకుని లేచి, ఆయనకి తల వంచి నమస్కరించి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన గేటు దాకా కూడా వెళ్ళలేదు.

ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. కాలవ పక్కన ఒకచోట ఆగాడు.

"పెట్టిందట, విన్నావా?" అన్నాడు.

"విన్నాను మాస్టారూ."

"మన వీధిలో చెప్పు. ఆ రోజు నేను అందరి ముందూ అన్నాను కదా. జోరా తోక పెట్టిందని అందరికీ చెప్పు."

ఎవరికి చెప్పను? ఆ రోజు గుమ్మం ముందు నవ్విన వాళ్ళలో సగం మంది సెమెత్ పక్కనే మట్టిలో పడుకున్నారు. మిగిలిన వాళ్ళకి ఆ బోర్డు సంగతే గుర్తులేదు. నేను చెప్పలేదని ఆయనే మొదలుపెట్టాడు. అన్నేళ్ళు ఎవరితోనూ మాట్లాడని మనిషి, పొద్దున్నే నాన్ అంగడి ముందు నిలబడి, వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని ఆపి "మా జోరా తోక పెట్టింది" అని చెప్పేవాడు. కుర్రవాళ్ళకి ఆ అక్షరమే తెలియదు. ఏ తోక తాతా, గొర్రె తోకా అని అడిగేవాళ్ళు. ముసలాయనకి మతి చలించిందని పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఆయన పోయేదాకా అదే మాట. గోడ మీంచి నాకూ చెప్పేవాడు, నాకు తెలియదన్నట్టు. నేను చేస్తున్న పని ఆపి, "అవును మాస్టారూ, పెట్టింది" అనేదాన్ని. అప్పుడు లోపలికి వెళ్ళేవాడు.